గుడ్డగోడల బండి

లవాన్ పిడి తిప్పుతుంటే టెంటు బండి పైకప్పు కిర్రుమంటూ బెత్తెడు బెత్తెడుగా లేచింది. రెండు వైపులా మంచాల అరలు బయటికి లాగి, వాటి కింద కమ్మీలు తన్నిపెట్టి, కాన్వాసు గోడలు సర్దేసరికి అంతవరకూ పెద్ద ట్రంకుపెట్టెలా ఉన్నది కాస్తా చిన్న గదై కూర్చుంది. జూలైలో చెరువు పక్కన పెట్టుకుని పిల్లల్ని ఈతకి దింపడానికి చేసిన బండి అది. దాన్ని నవంబరులో, చెరువులు గడ్డకట్టే రోజుల్లో, అడవిలో వేసుకుని పడుకుంటానని అరవై దాటిన ఆడమనిషి అంటే ఎవరైనా ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూస్తారు.

బెర్నడీన్ చూడలేదు. ఊరి బడి వంటింట్లో ఇద్దరూ పక్కపక్క పొయ్యిల దగ్గర జుట్టు నెరిసిందాకా పనిచేసి ఒకేసారి రిటైరయ్యారు. లవాన్ ఒకటి పట్టిందంటే వదలదని ఆమెకి తెలుసు. అయినా నోరు ఊరుకోదు కదా.

“ఇది ఇల్లేంటే, చొక్కా!” అంది గోడని వేలితో పొడిచి.

“చొక్కా అయితే లోపల బనీను తొడుగుదాం. దానికేగా నిన్ను రమ్మంది.”

పొద్దున్నుంచీ అదే పని. మంచాల అరల కింద ఉన్నదంతా వట్టి గాలే కాబట్టి ముందు అక్కడ థర్మోకోల్ పలకలు కోసి ఇరికించారు. వెండిరేకు అతికిన బుడగల షీటును కిటికీల కొలతకి కత్తిరించి లోపలి నుంచి తొడిగారు. ఇళ్ళు మారేటప్పుడు బీరువాలకి చుట్టే మందపాటి బొంతలు కొన్ని సంపాదించి, వాటిని పైకమ్మీలకి క్లిప్పులతో వేలాడదీశారు. కాన్వాసుకీ బొంతకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాలని లవాన్ పట్టుబట్టింది. నేల మీద చర్చి కింది హాల్లోంచి పీకేసిన పాత తివాచీ రెండు పొరలుగా పరిచారు. మిగిలిన సందులన్నిటికీ బెర్నడీన్ టేపు వేసింది. పైకప్పులో గాలి పోవడానికి చిన్న తూము ఉంటే దాన్నీ వదల్లేదు.

“ఇక ఈగ కూడా దూరలేదు,” అంది చేతులు దులుపుకుంటూ.

అప్పుడే లవాన్ పెద్దన్న మెర్ల్ ట్రక్కు వచ్చి ఆగింది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆవుల్ని అమ్మేసినా ఒంటికి పశువులపాక వాసన పోలేదు. దిగి వచ్చి, బండి తలుపు జిప్పు లాగి లోపలికి తొంగిచూశాడు.

“ఏంటే చెల్లీ ఇది? పొయ్యిలో పెట్టే ఆలుగడ్డకి వెండికాగితం చుట్టినట్టు చుట్టావు!”

“నువ్వు గుడిసెలో బెర్తు ఇస్తే నాకీ కర్మేంటి అన్నయ్యా?”

మెర్ల్ టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. అది వాళ్ళ నాన్న కట్టిన వేట గుడిసె. ఆ గోడల దుంగలకి తొక్క చెక్కిన చేతుల్లో చిన్నప్పటి లవాన్ చేతులూ ఉన్నాయి. చుట్టూ ఉన్న నలభై ఎకరాల అడవికి కాగితాల్లో ముగ్గురు తోబుట్టువుల పేర్లూ ఉన్నాయి. తాళంచెవులు మాత్రం రెండే. ఒకటి మెర్ల్ దగ్గర, ఒకటి తమ్ముడు కర్ట్ దగ్గర. ఏటా వేట మొదలయ్యే ముందురోజు లవాన్ ఆపిల్ పైలూ, ఆలుగడ్డా మాంసమూ కలిపి కాల్చిన పళ్ళేలూ గుడిసె గుమ్మం దాకా మోసుకెళ్ళి, దీపాలు పెట్టకముందే ఇంటికి తిరిగి వెళ్ళిపోవాలి. ఆ వంట తిన్నవాళ్ళెవరికీ ఇందులో తప్పేదో ఉందని తోచలేదు.

“జేబులో వేట చీటీ ఉన్నవాళ్ళకే బెర్తు. నేను పెట్టానా? నాన్న పెట్టిన నియమం,” అన్నాడు మెర్ల్.

“ఇదిగో చీటీ. తుపాకీ ఉంది. మీసాలు రాని పిల్లల పక్కన బెంచీ మీద కూచుని పరీక్ష రాసి మరీ తెచ్చుకున్నాను. ఇంకేం కావాలి?”

“ఉన్నవి ఐదు బెర్తులు. నేను, కర్టు, వాడి కొడుకులిద్దరు, వెండెల్.”

“టైర్ల కొట్టు వెండెల్ మనకేమవుతాడు?”

“ఏమీ అవడు. పేకాటకి చెయ్యి తక్కువవుతుందని...”

“పేకాట కోసం నాన్న బెర్తు వాడికిచ్చావు. కడుపున పుట్టినదానికి లేదు!”

“రాత్రిళ్ళు బయటికెళ్ళలేక డబ్బాలో పోసుకుంటాం. గురకలు. ఒక్కడి నోరూ మంచిది కాదు. నువ్వక్కడ ఉండలేవే.”

“ఏడో తరగతి మగపిల్లలకి జన్మంతా వడ్డించాను. నేను వినని మాటలు మీ దగ్గరేమున్నాయి?”

బెర్నడీన్ పగలబడి నవ్వింది. ఆ నవ్వు మెర్ల్‌కి ఎక్కడో తగిలింది. ముఖం ఎర్రబడింది.

“సరే, విను. శుక్రవారం, శనివారం, ఆదివారం. మూడు రాత్రులు ఈ గుడ్డపెట్టెలో పడుకో. మా పొయ్యి దగ్గరికి రాకుండా సోమవారం పొద్దున బయటికొచ్చావంటే నాన్న బెర్తు నీది. వెండెల్ తన ట్రక్కులో పడుకుంటాడు. ఒక్కసారి తలుపు కొట్టావా, ఇక బతికుండగా ఆ మాట ఎత్తకూడదు.”

“బెర్నడీన్ సాక్షి,” అంది లవాన్, టేపు చుట్ట పక్కన పెడుతూ.

శుక్రవారం మధ్యాహ్నానికి అడవిలో పిక్కల దాకా మంచు ఉంది. లవాన్ తన జీపుకి తగిలించుకుని బండిని తెచ్చి, గుడిసెకి కేకవేటు దూరంలో, దేవదారు చెట్ల మరుగున పెట్టింది. చక్రాల కింద చెక్కలు వేసి, మట్టం సరిచూసి, పైకప్పు లేపింది. గుడిసె వసారాలో బీరు డబ్బాలు పట్టుకుని మగవాళ్ళందరూ తోలుబొమ్మలాట చూస్తున్నట్టు చూస్తున్నారు. సాయం చేస్తానని ఒకడూ కదల్లేదు. పందెం కదా, కదిలితే తప్పేమోనని వాళ్ళ భయం అనుకుందాం.

“అక్కా, కర్టెన్లు మరిచిపోయావు!” అని కర్ట్ కేకేశాడు.

“నీ మొహం కనపడకుండా రేపు కట్టుకుంటాలేరా.”

వెండెల్ ఒక్కడే దగ్గరికి వచ్చాడు. సన్నగా, వంగిన భుజాలతో, మనిషే క్షమాపణ అడుగుతున్నట్టు ఉంటాడు. “నేనేం ఆ బెర్తు అడగలేదండీ. పడుకోమంటే పడుకున్నాను,” అన్నాడు. లవాన్ అతనికి ఆపిల్ పైలో ఒక ముక్క కోసి ఇచ్చి పంపింది.

గ్యాస్ హీటరు వెలిగిస్తే బండి పావుగంటలో వెచ్చబడింది. విషగాలి పట్టకుండా కిటికీ జిప్పు బొటనవేలంత తెరిచి ఉంచింది. బొంతల గోడల మధ్య, రెండు దుప్పట్ల కింద పడుకుని, గెలిచేశాననే అనుకుంది. తెల్లవారుజామున నుదుటి మీద చల్లటి చుక్క పడితే మెలకువ వచ్చింది. లైటు వేసి చూసింది. పైకమ్మీలన్నిటికీ వరసగా నీటిచుక్కలు వేలాడుతున్నాయి. దిండు తడి, దుప్పటి అంచు తడి. గోడ దగ్గర బొంత కాన్వాసుకి అంటుకుని గడ్డకట్టింది, లాగితే బర్రుమంది. పాదాల వైపు అయితే ఇంకా ఘోరం. బండి కిందనుంచి గాలి ఈలలు వేస్తోంది, రెండు పొరల తివాచీ దానికి లెక్కే లేదు.

జన్మంతా వంటింట్లో గడిపిన మనిషికి ఇది తెలియకపోవాలా! ఉడికే గిన్నె మీద మూత బిగిస్తే ఆవిరంతా మూతకింద నీళ్ళే కదా. తన ఊపిరి ఆవిరి, హీటరు ఆవిరి, రెండూ పోయే దారి లేక గోడలకి పట్టాయి. ఆ తూముకి టేపు వేస్తుంటే తను పక్కనే నిలబడి ముచ్చటపడింది. మంచం ఎక్కి ఆ టేపు పీకి పారేసింది. చల్లగాలి సర్రున దిగింది గానీ కాసేపటికి కమ్మీలు ఆరడం మొదలుపెట్టాయి.

చీకటి ఉండగానే వేటగాళ్ళు వేసుకునే నారింజ రంగు కోటు తొడుక్కుని బయటికి వస్తే, కర్ట్ ఎదురయ్యాడు. ఆమె జుట్టు చివర్లకి మంచు పూసలు కట్టింది.

“ఏంటక్కా, తలస్నానం చేశావా?”

“చేశాను. నువ్వూ చేస్తే గుడిసెలో వాళ్ళకి పుణ్యం.”

మెర్ల్ టార్చి పట్టుకుని వెనకాలే వచ్చాడు. ఆమె జుట్టునీ, ఊదారంగు తిరిగిన పెదాలనీ చూసి, తుపాకీ భుజానికి తగిలించుకుని తన మంచె వైపు వెళ్ళిపోయాడు.

లవాన్‌కి వాగు మలుపులో ఎవరూ ఎక్కని పాత మంచె మిగిలింది. రోజంతా అక్కడ కూర్చుంది. దూరాన తుపాకులు పేలుతూనే ఉన్నాయి. ఆమె కంటికి మాత్రం ఒక ఉడత, రెండు కాకులు, మళ్ళీ అదే ఉడత. ఫ్లాస్కులో కాఫీ అయిపోయింది. వేళ్ళు చంకల్లో దాచుకుని, సాయంత్రం బండి చుట్టూ ఏం కప్పాలా అని ఆలోచించింది. దేవదారు కొమ్మలు కొట్టి దోపాలనుకుంది. వాళ్ళ వైపు పాత ఇళ్ళకి చలికాలం ముందు పునాది చుట్టూ గడ్డి కట్టలు పేర్చేవారు. తన దగ్గర గడ్డీ లేదు, అడగడానికి నోరూ రాదు.

పొద్దుగూకుతూ తిరిగి వచ్చేసరికి బండి చుట్టూ గోడ ఉంది. గడ్డి మోపులు, రెండు వరసలు, సందు లేకుండా, తలుపు దగ్గర ఒక్క అడుగుకి మాత్రం దారి వదిలి పేర్చారు. మంచులో ట్రాక్టరు చక్రాల జాడ పొలం వైపు పోయి ఉంది. ఆ దారిన పోతే వచ్చేది మెర్ల్ కొట్టమే. గుడిసెలో పేకాట సాగుతోంది, ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. లవాన్ ఒక మోపు మీద చెయ్యి వేసి నిలబడింది. రాత్రి పొయ్యి పక్కన పడుకుని అన్న నిద్రపోలేదన్నమాట. మూర్ఖుడు, నోటితో ఒక మంచిమాట అనలేడు గానీ నడుం నొప్పితో ఇన్ని మోపులు ఎత్తాడు. ఆమెకి కళ్ళు చెమర్చాయి. చెబితే ఇద్దరికీ సిగ్గని చెప్పకుండా లోపలికి పోయింది.

ఆ రాత్రి నేల వెచ్చగా ఉంది. పైన తూము తెరిచి ఉంది, కమ్మీలు పొడిగా ఉన్నాయి. లవాన్ పసిపిల్లలా నిద్రపోయింది.

ఆదివారం తెల్లవారుతుండగా చెవి పక్కన కరకరమని చప్పుడు. దిండుకి జానెడు దూరంలో, గోడ అవతల, ఎవరో తీరిగ్గా నములుతున్నారు. లవాన్ ఊపిరి బిగబట్టి జిప్పు కాస్త దించి చూసింది. ఒకటి కాదు, గుంపు. ఆడ జింకలు, వాటి పిల్లలు, వెనకాల మెడ బలిసిన కొమ్ముల జింక ఒకటి. ఆమె గోడని ఆరగిస్తున్నాయి. కంచె చేను మేసిందని సామెత ఉంది గానీ, చేను లేచి వచ్చి కంచెను మేయడం లవాన్ అప్పుడే చూసింది.

అది జింకలు ముట్టని గోధుమ గడ్డి కాదు. పశువులకి దాచే ఎండుగడ్డి, వానకి తడిసి నల్లబడినదైనా జింకలకి ఇష్టమైన క్లోవరు గడ్డే. అన్న దగ్గర గోధుమ గడ్డి అయిపోయి ఉంటుంది. ఆవులు లేని కొట్టంలో మిగిలిన ముక్కిపోయిన గడ్డి తెచ్చి పెట్టాడు. అడవంతా మంచు కప్పి ఉంటే జింకలు ముక్కవాసన చూస్తాయా! నారింజ కోటు వేసుకుని రోజంతా వాటికోసం చలిలో కూర్చున్నవాళ్ళు కూర్చోగా, అవి వచ్చి ఆమె ఇంటికి అతిథులయ్యాయి. గుమ్మంలోంచే తుపాకీ పెడితే కొమ్ములది పడిపోయేది. మేత పెట్టి కాల్చడం ఆమెకి మనసొప్పలేదు. పళ్ళెం మీద గరిటె కొట్టి తరిమింది. అవి నాలుగు గంతులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి చూశాయి.

మధ్యాహ్నం దాకా అదే వరస. మంచెల మీద మగవాళ్ళకి ఒక్క తోక కూడా కనపడలేదు. భోజనానికి వచ్చిన కర్ట్ బండి చుట్టూ తొక్కుడు చూసి మండిపడ్డాడు.

“అడవిలో ఉన్న జింకలన్నీ నీ దగ్గరే ఉన్నాయే! ఎవడు పెట్టమన్నాడు నిన్ను ఎండుగడ్డి?”

లవాన్ జవాబు చెప్పేలోపు దారి మీద ఆకుపచ్చ ట్రక్కు వచ్చి ఆగింది. వేటగాళ్ళ చీటీలు చూసుకుంటూ వస్తున్న వార్డెన్. కర్ట్ కొడుకుల ఈడు అమ్మాయి. అందరి చీటీలూ చూసింది. తర్వాత మంచులో గిట్టల జాడలు పట్టుకుని బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. వంగి గుప్పెడు గడ్డి తీసి వాసన చూసింది.

“జింకలకి అంటురోగం వచ్చినప్పటి నుంచి ఈ కౌంటీలో మేత వేయడం నిషేధం. మీ అందరికీ తెలుసు. ఈ గడ్డి ఎవరిది?”

మెర్ల్ వసారాలో ఉన్నాడు. చేతిలో కాఫీ కప్పు. కప్పు కదల్లేదు, మనిషీ కదల్లేదు. రెండేళ్ళ కిందట మంచె వెనకాల మొక్కజొన్నలు పోసి ఒకసారి దొరికాడు. రెండోసారి దొరికితే మూడేళ్ళు లైసెన్సు ఉండదు. డెబ్బై ఏళ్ళవాడికి మూడేళ్ళంటే ఎంతో లవాన్‌కి లెక్క వేయనక్కర్లేదు.

“నాదేనమ్మా. చలికి బండి చుట్టూ కట్టుకున్నాను,” అంది.

“గోధుమ గడ్డి పెట్టుకోవాల్సింది.”

“ఉన్నది పెట్టుకున్నాను. వేటకని పెట్టలేదు.”

“మీరెందుకు పెట్టారో జింకలకి తెలియదు కదా ఆంటీ.” ఆ అమ్మాయికీ ఇష్టం లేదు, గొంతు చూస్తే తెలుస్తోంది. జరిమానా కాగితం రాసింది. “ఇవాళే తీయించెయ్యండి. ఈ ఏటికి మీ చీటీ ఇలా ఇవ్వండి.”

లవాన్ కోటు జేబులోంచి చీటీ తీసి ఇచ్చింది. ట్రక్కు వెళ్ళిపోయింది. కర్ట్‌కి ఆగలేదు.

“ఇంకెందుకక్కా ఈ రాత్రి ఇక్కడ? చీటీ లేనివాళ్ళకి గుడిసెలో బెర్తు లేదు. నాన్న నియమం. పందెం గెలిచినా ఏం లాభం? ఇంటికెళ్ళి వెచ్చగా పడుకో.”

అంతవరకూ లవాన్ ఆ సంగతే ఆలోచించలేదు. అన్నని కాపాడాలని నోటికొచ్చింది అనేసింది. ఆ ఒక్క మాటతో బెర్తు పోయిందని ఇప్పుడు తెలిసింది. మెర్ల్ వైపు చూసింది. ఆయన కప్పులోకి చూస్తున్నాడు. ఒక్కసారి తల ఎత్తితే చాలనిపించింది. ఎత్తలేదు.

“మూడు రాత్రులన్నారు. మూడో రాత్రి కూడా పడుకునే పోతాను,” అంది.

పొద్దు వాలుతుండగా మెర్ల్ ట్రాక్టరు తెచ్చి మోపులన్నీ ఎక్కించి తీసుకెళ్ళాడు. బండి కింద మళ్ళీ గాలి మొదలైంది. రేడియోలో ఆ రాత్రి సున్నాకి బాగా కిందికి పోతుందని చెబుతున్నారు. లవాన్ కొమ్మలు కొడుతుంటే మెర్ల్ ధాన్యం ఎత్తే వెడల్పు పార పట్టుకుని కాలినడకన తిరిగి వచ్చాడు. వచ్చి బండి చుట్టూ మంచు ఎత్తిపోయడం మొదలుపెట్టాడు. పోసి, పార వెనకభాగంతో దట్టించి, మళ్ళీ పోస్తున్నాడు.

“అమ్మ పెరటి గోడకి ఇలాగే చేసేది. నిన్నే గుర్తు రావాల్సింది,” అన్నాడు చివరికి.

లవాన్ ఇంకో పార తీసుకుంది. ఇద్దరూ చెరో వైపునుంచి పోసుకుంటూ వచ్చారు.

“ఎందుకన్నావే అలా?”

“నీకు మూడేళ్ళు పోతాయి.”

“నీకు బెర్తు పోయింది కదా.”

“పోయింది. ఆ పక్క మూల సందు ఉంది, చూడు.”

ఆయన సందు పూడ్చాడు. నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి, పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మంచుగోడ గడ్డికంటే గట్టిగా గాలిని ఆపింది. ఆ రాత్రి లవాన్‌కి చలి వేయలేదు. నిద్ర మాత్రం పట్టలేదు. అన్న మీద కోపం వచ్చింది, అలా అన్నందుకు తన మీద కోపం వచ్చింది, రెండూ కలిసి ఏడుపొచ్చింది.

సోమవారం పొద్దున లేచి బండి మడుద్దామని చూస్తే కాన్వాసు రేకులా బిగుసుకుపోయి ఉంది. ఎండెక్కి కాస్త మెత్తబడితే గానీ మడత పడదు. బొంతలు దించి దులుపుతోంది. మెర్ల్ ట్రక్కు గుడిసె దగ్గర లేదు. చీకటితోనే ఎటో వెళ్ళాడనీ, మంచె మాత్రం ఎక్కలేదనీ వెండెల్ చెప్పాడు. మెర్ల్ మంచె ఎక్కని రోజు ఆ సీజనులో తనెప్పుడూ చూడలేదని కూడా అన్నాడు.

బారెడు పొద్దెక్కాక ట్రక్కు వచ్చింది. మెర్ల్ నేరుగా బండి దగ్గరికి వచ్చి, చేతిలో ఉన్నది ఆమెకి ఇచ్చాడు. ఆమె వేట చీటీ.

“ఏంటిది?”

“పట్నం వెళ్ళాను. ఆ అమ్మాయి ఆఫీసు తెరవగానే చెప్పేశాను. గడ్డి నాది, తెచ్చిందీ పేర్చిందీ నేనేనని. మీ చెల్లెలు ఎందుకబద్ధం చెప్పిందని అడిగింది. మా ఇంట్లో మొండితనం రోగం ఉంది, దానికి మందు లేదన్నాను. నవ్వింది. నవ్వుతూనే నాది తీసుకుంది.”

“మూడేళ్ళా?”

“మూడేళ్ళు.”

లవాన్ చేతిలో బొంత కింద పడేసింది. “బుద్ధుందా నీకు? నేను ఎవరికోసం చెప్పాను? అంతా అయిపోయాక పోయి నోరు తెరుస్తావా? నిన్న తెరవాల్సింది, అక్కడ, వాళ్ళందరి ముందూ!”

“నిన్న భయం వేసిందే,” అన్నాడు మెర్ల్. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆ మాట అనడానికి సిగ్గుపడలేదు. “రాత్రంతా పేరుకే పడుకున్నాను. నేను చేసిన పనికి నువ్వు జరిమానా కట్టి, చలిలో పడుకుంటే, నేను వెచ్చగా పొయ్యి పక్కన... చాల్లే.”

ఆయన గుడిసెలోకి వెళ్ళాడు. పరుపుచుట్ట చంకన పెట్టుకుని, ఇంకో చేత్తో దిండు పట్టుకుని బయటికి వచ్చాడు. వెనకాలే కర్ట్ గుమ్మంలోకి వచ్చాడు, చెంపకి సబ్బు నురగతో.

“అన్నయ్యా, ఇదేం పని? ఆ నియమం ఏదో మాటవరసకి...”

“నిన్న మాటవరస కాదుగా?” అన్నాడు మెర్ల్. “చీటీ లేనివాడికి బెర్తు లేదు. వెండెల్, నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. కిటికీ పక్క నా బెర్తు ఖాళీ. నాన్నది దానికి, నాది నీకు. చూసి సర్దుకోండి.”

కర్ట్ గడ్డం మీదనుంచి సబ్బు నురగ జారి చొక్కా మీద పడింది. మెర్ల్ ట్రక్కు వైపు నడిచాడు. లవాన్ ఆ నడకే చూస్తూ నిలబడింది. నవంబరు చివరి వారంలో ఈ అడవిలో పడుకోని అన్నని ఆమె ఎరగదు. ఇంటికెళ్ళి ఏం చేస్తాడు? ఖాళీ కొట్టం చుట్టూ తిరుగుతాడు, తుపాకీ చప్పుడు వినపడినప్పుడల్లా తల ఎత్తుతాడు.

“అన్నయ్యా!”

ఆయన ఆగాడు.

“నియమం గుడిసెకి. నా బండికి లేదు.”

మెర్ల్ తిరిగి చూశాడు. గోడలు బిగుసుకుపోయి, చుట్టూ మంచు దట్టించి, సగం బొంతలు విప్పిన ఆ బండిని చక్రాల నుంచి కప్పు దాకా చూశాడు. లవాన్ కింద పడ్డ బొంత తీసి దులిపి, మళ్ళీ లోపల పైకమ్మీకి క్లిప్పు పెట్టడం మొదలుపెట్టింది. పిలిచి బతిమాలేది లేదు. వస్తే వస్తాడు.

వచ్చాడు. పరుపుచుట్ట మెట్టు మీద పెట్టి, తలుపులోంచి లోపలికి తొంగిచూశాడు. నేల మీద తివాచీ శుభ్రంగా ఉంది. ఆయన బూట్లకి మోకాళ్ళ దాకా బురద, మంచు. వాళ్ళ గుడిసెలోకి బూట్లు విప్పి ఎవరూ ఏనాడూ వెళ్ళి ఎరగరు.

“బూట్లు బయట విప్పాలా?”

“విప్పాలి,” అంది లవాన్.

ఆయన మెట్టు మీద కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, వంగి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.